ఎదురింటి మాస్టారి ట్రైలోబైట్

నవంబర్ 3, ఆదివారం

ఎదురింటి ఉమామహేశ్వరరావు మాస్టారు కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యారు. ఎవరు దొరికినా ట్రైలోబైట్ గురించే. యాభై కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో పాకిన జీవి అట, ఇప్పుడు రాళ్లలో అచ్చుగా మిగిలిందట. అందులో రెడ్లీకియా అనే రకమంటే ఆయనకు ప్రాణం. హిమాలయాల్లో దొరికింది, మన వైపు ఒక్కటి దొరికితే చాలయ్యా పర్వేజూ అంటారు.

దొరికించాను. సీలింగ్ పని చేసేవాడికి అచ్చు పోయడం ఎంతసేపు? ఆయన పుస్తకంలో బొమ్మ ఫోన్‌లో తీసుకున్నాను. గోడ పైఅంచున కార్నిస్‌కి గీతలు లాగే దువ్వెనతో పక్కటెముకలు లాగాను. సిమెంటులో రాతిపొడి కలిపి పోసి, డికాక్షన్‌లో నానబెట్టాను. యాభై కోట్ల ఏళ్లూ ఒక్క పూటలో వచ్చేశాయి.

ఈరోజు కొల్లేరు చూపిస్తానని తీసుకెళ్లి, చేపల చెరువు గట్టు మీద కంకరలో ఆయన కాలికి తగిలేలా పడేశాను. వంగి తీసుకుని తడిమారు. రెండు నిమిషాలాగి చెప్పి నవ్వుదామనుకున్నాను.

ఆయన ఏడ్చారు.

నవంబర్ 5

వేళ్లతో గీతలు లెక్కపెట్టారు. తెలిసిన వాటికంటే ఒకటి ఎక్కువట. కొత్త స్పీసీస్ అట. నా దువ్వెనకి ఒక పన్ను ఎక్కువ, అంతే.

నవంబర్ 6

వేళ్లతో ఎందుకంటే, రెండు కళ్లలోనూ శుక్లాలు. వాళ్లమ్మాయి వీణ చెప్పింది. ఏడాదిగా మనుషుల్ని గొంతు బట్టే పోల్చుకుంటున్నారట. బయటికి చెప్పొద్దన్నారట. వెధవని, నాకు తెలియలేదు. 14న ఒక కంటికి ఆపరేషన్. 20న పాత కాలేజీలో రాయి చూపించి ఉపన్యాసం. విశాఖ నుంచి ప్రొఫెసర్లు వస్తారట. ఇంక నవ్వేది వాళ్లు.

నవంబర్ 9

దానికి పేరు పెట్టేశారు. రెడ్లీకియా పర్వేజీ.

మా ఆవిడ అమీనాకి చెబితే ముందు కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత, మీ పేరు పైకెళ్లింది, ఆయన పరువు కిందకొస్తుంది, ఏం చేస్తారో చెయ్యండి అంది.

నవంబర్ 10

ఎదురింటి గేటు దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చాను.

నవంబర్ 11

చెప్పేశాను. నేనే చేశానండీ, సిమెంటండీ అన్నాను. పడీ పడీ నవ్వారు. కిందటేడు కుళాయిలకి మీటర్లు పెడుతున్నారని చెప్పి వీధంతా బిందెలు నింపించావు, నీ మాట నమ్ముతానా, పేరు పెట్టానని సిగ్గుపడుతున్నావు కదూ అన్నారు.

నలభై ఎనిమిదేళ్లకి ఒక నిజం చెప్పాను. పుచ్చుకునేవాడు లేడు.

నవంబర్ 13

అదే అచ్చులో ఇంకొకటి పోసి తీసుకెళ్లాను. ఇదిగోనండీ, చూసుకోండి అని చేతిలో పెట్టాను. తడిమి చూసి, రెండోది కూడా దొరికిందా, ఎక్కడయ్యా అని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు!

నవంబర్ 14

ఆపరేషన్ బాగా అయిందట. ఆటోలో వెనక నేనే కూర్చుని ఆయన్ని పట్టుకున్నాను.

నవంబర్ 15

కట్టు విప్పారు. మాస్టారు ముందు రాళ్లు అడిగారు. రెండూ పక్కపక్కన పెట్టుకున్నారు. రెండింటికీ ఒకే చోట ఒకే సొట్ట. చాలాసేపు చూశారు. ఉపన్యాసం లేదని కాలేజీకి ఫోన్ చెయ్యమ్మా అని వీణతో అన్నారు.

తర్వాత నావైపు తిరిగారు. తల దించుకున్నాను. దించకయ్యా, సరిగ్గా చూడనీ అన్నారు.