పొడి గుడ్డ బరువు

జూన్ 3

లేబర్ రూమ్‌కి కొత్త సరంజామా వచ్చింది. కాన్పవగానే తల్లి కింద పరిచే ప్లాస్టిక్ షీటు. దాని చివర సంచి, సంచి మీద మిల్లీలీటర్ల గీతలు. పక్కన ఒక తూకం మిషను. సంచిలో పడిన రక్తం ఎంతో గీత చూసి రాయాలట. తడిసిన ప్యాడ్లు, గుడ్డలు తూచి, పొడి గుడ్డ బరువు తీసేసి, మిగిలింది కలపాలట. గ్రాముకి ఒక మిల్లీలీటరు.

ఇన్నాళ్ళూ కంటితో చూసి మూడొందలని రాసేవాళ్ళం. ఎవరికైనా మూడొందలే. ఇప్పుడు తూకం డ్యూటీ నాకు అంటగట్టారు. నర్సింగ్ చదివి కిరాణా కొట్టు పెట్టినట్టుంది నా బతుకు.

జూన్ 5

ఇవాళ్టి కాన్పులో ఎంత రక్తం పోయి ఉంటుందని పందెం కాశాం. నేను మూడొందలన్నాను. డాక్టరమ్మ రెండున్నరొందలన్నారు. తూస్తే ఐదొందల ఇరవై! ఐదొందలు దాటితే ప్రమాదం. పందెం వదిలేసి ఆ తల్లికి రక్తం ఆగే ఇంజెక్షన్ ఇచ్చాం.

జూన్ 9

మా ఆయాకి మెరుపు అని పేరు పెట్టింది నేనే. బిడ్డ ఏడుపు ఆగేలోపు గది అద్దంలా చేసేస్తుంది. ఇవాళ నేను తూచకముందే గుడ్డలన్నీ ఉతికే గదికి చేరవేసి నీళ్ళలో ముంచేసింది. లెక్క గంగలో కలిసింది. గయ్యిమన్నాను. శుభ్రం చేసినందుకు తిట్టే మనిషిని పుట్టి బుద్ధెరిగాక చూడలేదంది. మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

జూన్ 14

చెల్లికి నెలలు నిండాయి. కాన్పు మా వార్డులోనే. ధైర్యం చెప్పడం నా వంతు, భయపడటమూ నా వంతే.

జూన్ 18, సాయంత్రం

జరిగింది రాస్తేగానీ నా కంగారు తగ్గదు.

మధ్యాహ్నం చెల్లికి ఆడపిల్ల. సుఖంగానే అయింది. రక్తం చూస్తే మా అమ్మ కళ్ళు తిరిగి పడిపోతుంది. మనవరాలిని చూస్తానని తలుపు దగ్గర ఒకటే గొడవ. అందుకని నేనే మెరుపుని తొందరపెట్టి గుడ్డలన్నీ తీయించేశాను. వేరే ఎవరూ కాదు, నేను.

సంచిలో మూడొందల యాభై. పర్లేదనుకున్నాను. డాక్టరమ్మ చెల్లి నాడి పట్టుకుని, గుడ్డలు ఎంత తూగాయని అడిగారు. నేను తూచనే లేదు.

ఉతికే గదికి పరిగెత్తాను. మెరుపు కుళాయి విప్పేసింది. ఆపమని అరిచాను. దుప్పటి అప్పటికే మునిగిపోయింది. మిగతావి ఎత్తుకొచ్చి తూచాను. పొడి బరువు పోను రెండొందల ఎనభై. మొత్తం ఆరొందలు దాటింది. దుప్పటిలో ఎంత పోయిందో దేవుడికే తెలియాలి. డాక్టరమ్మ ఆ లెక్క కోసం ఆగలేదు. మందులు ఎక్కించారు, పొట్ట గట్టిగా మర్దన చేశారు, లోపల చిరిగినచోట కుట్లు వేశారు. నేను చెల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. పాపకి నా ముక్కు వచ్చిందా అని అడిగింది పిచ్చిది. ఏడుపు ఆగలేదు నాకు.

రక్తం ఆగింది. నాడి కుదుటపడింది.

జూన్ 19

చెల్లి కూర్చుని తింటోంది. మెరుపు ఎదురుపడితే తల దించుకుంది. తప్పు తనది కాదు, నాదని చెప్పాను.

జూన్ 21

చెల్లి ఇంటికెళ్తోంది. పాపని తూచి మూడు కిలోల నూట యాభై అని రాశాను. చుట్టిన గుడ్డ బరువు తీసేశారా అని వెనక నుంచి మెరుపు అడిగింది.

తీయలేదు.