నలభై మూడో ఫారం

మన ఊరు,
ఆదివారం.

చిరంజీవి సింధూరికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. ఉత్తరమన్నాక అలాగే మొదలెట్టాలి కాబట్టి రాశాను. అందులో ఎంత నిజముందో చివర్న చెబుతాను. నువ్వు మాత్రం నిక్షేపంలా ఉన్నావని తెలుస్తూనే ఉంది. ఒంట్లో బాగోని మనిషి నాలుగు పేజీల తిట్లు టైపు చేసి, ప్రింటు తీసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపదు. పోస్టుమాన్ సంతకం పెట్టించుకుంటూ, "ఏంటండీ గంగాదేవి గారూ, కోర్టు నోటీసా?" అని అడిగాడు. మా అమ్మాయి రాసిందండీ అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. నా అక్షరాలు వంకరపోయాయని నవ్వకు. నాకు టైపు రాదు.

ఫోన్లో చెబుదామంటే "నాకు రాతపూర్వకంగా కావాలి, సారు అడిగారు" అని పెట్టేశావు. సరే, రాతలోనే తీసుకో.

కోపంలో రాసింది రాసినవాళ్ళకు గుర్తుండదు కనుక నువ్వేం రాశావో ముందు నీకే గుర్తుచేస్తాను. రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే ఆడవాళ్ళ ఆరోగ్యం మీద నీ ఎమ్మెస్‌డబ్ల్యూ ప్రాజెక్టు. నువ్వు వంద ఫారాలు పంపావు, నేను ఎనభై నింపి పంపాను. పదకొండో ప్రశ్న, "గత నెలలో చేతుల పుళ్ళ వల్ల ఎన్ని రోజులు పని మానేశారు?" దానికి డెబ్బై తొమ్మిది ఫారాల్లో సున్నా ఉంది. ఒక్క నలభై మూడో ఫారంలో పందొమ్మిది ఉంది. "ప్రశ్న అర్థం కాని మనిషెవరో పిచ్చిరాత రాసింది, మిగతావాటితో కలవని అలాంటి అంకెను అవుట్‌లయర్ అంటారు, తీసేశాను" అని రాశావు. తీసేసి, చేతుల సమస్య లేదని రిపోర్టు కట్టావు. మీ సారు దాన్ని చూసి నవ్వారట. మనిషికీ మనిషికీ మధ్య తేడా ఎంతో చెప్పే అంకె కూడా సున్నాయే వచ్చింది, ఇంతమందికి ఒకే జవాబు ఎలా వస్తుంది, ఫారాలు ఎవరు నింపించారో రాయించి తీసుకురా అన్నారట. శుక్రవారం వైవా. కాబట్టి తప్పంతా నాది. "నీ వల్ల నా ఏడాది పోతుంది" అని రెండుచోట్ల రాశావు, ఒకచోట కింద గీత కూడా కొట్టావు. ఆడలేక మద్దెల ఓడన్నదట నీలాంటిదే ఎవతో.

ఎక్కడ నింపించావని అడిగావు. కమ్యూనిటీ హాల్లో, డ్వాక్రా మీటింగు రోజున. పదేళ్ళుగా లీడరుగా నేను చేస్తున్న పని ఇదే. అందరినీ కూర్చోబెడతాను, విషయం చదువుతాను, ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తుతారు, "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని తీర్మానం పుస్తకంలో రాస్తాను. నీ ఫారాలూ అలాగే చేశాను. ఒక్కో ప్రశ్న చదివి చేతులెత్తించాను. ఇంటికొచ్చి డెబ్బై తొమ్మిది మందికీ నేనే నింపాను. అది తప్పని ఇప్పుడు తెలిసింది, ఒప్పుకుంటున్నాను. కానీ ఎలా అడగాలో అప్పుడు నువ్వు చెప్పావా? "అమ్మా, అర్జెంటు, ఈ వారంలో పంపించెయ్" అన్నావు. అంతే అన్నావు. ఎలా అనేది సారు అడిగాక నీకు గుర్తొచ్చింది.

ఇంకోటి. డెబ్బై తొమ్మిది ఫారాల్లో ఒకే చేతిరాత, ఒకే నీలం ఇంకు. మీ సారుకు ఒక్క చూపులో కనబడింది. కంప్యూటర్లో ఒక్కొక్క అంకెనూ కూర్చుని కొట్టినదానివి, నీకు కనబడలేదా? కనబడింది. కనబడే ఊరుకున్నావు. పని తొందరగా అయిపోతుందని పిల్లిలా కళ్ళు మూసుకుని పాలు తాగావు.

ఆ పదకొండో ప్రశ్న దగ్గర ఏం జరిగిందో కూడా చెబుతాను. ముందు వరసలో కనకదుర్గ కూర్చుంది. తనూ షెడ్డులోనే ఒలుస్తుంది కానీ మొగుడు అక్కడ సూపర్‌వైజరు, ఆ దర్జా వేరు. నేను ప్రశ్న చదవగానే వెనక్కి తిరిగి, "మా షెడ్డులో చేతులు పాడవటమేంటండీ? ఎవరికన్నా పాడయినియ్యా? చెప్పండే!" అంది. పుళ్ళున్న చేతులు కనబడితే గేటు దగ్గరే ఆపేసి వెనక్కి పంపుతారు. అది తెలిసి ఎవరు నోరు విప్పుతారు? మన పక్కింటి సువార్తమ్మ రెండు చేతులూ కొంగు కిందికి లాక్కోవడం నా కళ్ళతో చూశాను. "లేవు అనేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాను. ఆ కొంగు కింద నుంచి ఆ చేతినే తీసి ఎత్తింది.

ర్యాండమ్ అంటే ఏమిటో నీకు తెలుసా అని నన్ను ఎగతాళి చేశావు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు, శాంపిల్ అంటే అదేనమ్మా అని పాఠం చెప్పావు. ఉయ్యూరు బజార్లో గంప పెట్టుకుని పన్నెండేళ్ళు చేపలమ్మినదాన్ని, నాకు చెబుతున్నావు. గంపలో పైన మెరిసే చేపలు పరుస్తాం. తెలియనివాళ్ళు పైవి చూసి కొనుక్కుపోతారు. తెలిసినావిడ వస్తే పలకరించేలోగా చెయ్యి అడుగుదాకా దూర్చి, ఎక్కడ తగిలింది అక్కడ పట్టి లాగుతుంది. ఆవిడంటే మాకు హడలు. నువ్వు పై చేపలు చూసిపోయే రకం.

కాదంటావా? రిపోర్టులో "పరిశోధకురాలు స్వయంగా క్షేత్ర పర్యటన చేసినది" అని రాసుకున్నావట. చేశావు. పొద్దున పది గంటల బస్సు దిగి, మధ్యాహ్నం రెండు గంటల బస్సెక్కావు. బస్టాపు పక్కన మూడు డాబా ఇళ్ళకు వెళ్ళావు. ఆ మూడిళ్ళలో ఒక్కరూ షెడ్డు మొహం చూసినవాళ్ళు కారు. షెడ్డు గేటు దాకా వచ్చి చున్నీతో ముక్కు మూసుకున్నావు. సువార్తమ్మ టీ కాచి తెస్తే "వద్దండీ, లేటవుతుంది" అన్నావు. నిన్ను చంకనేసుకుని తిప్పిన మనిషిని అండీ అన్నావు. నువ్వు వెళ్ళాక ఆవిడే నన్ను సముదాయించింది. "పోనీలే వదినా, పట్నం అలవాటయింది గదా, మన వాసన పడక అట్టా చేసింది." నేను మాత్రం ఆ రోజు నిన్ను క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. ఆ వాసన చేతులతోనే నీకు ఇంటర్ చదువుకునేదాకా జడలేశాను.

ఇక నీ ఉత్తరంతో పాటు వచ్చిన కాగితం. "ఇంటింటికీ తిరిగి ఒక్కొక్కరినీ విడివిడిగా ప్రశ్నించితిని" అని నువ్వే టైపు చేసి, కింద చుక్కలు పెట్టి, అక్కడ సంతకం పెట్టి పంపమన్నావు. మీ నాన్న వేట నుంచి వచ్చి వల కూడా దించకుండా, "పెట్టెయ్యవే, పిల్ల ఏడాది పోద్దంట" అన్నారు. నేను పెట్టను. వెయ్యిసార్లు అడిగినా పెట్టను. పదకొండో ప్రశ్నకు డెబ్బై తొమ్మిది అబద్ధాలు చాలవని ఎనభయ్యోది నాతో చెప్పిస్తావా? నీ రిపోర్టులో చేతుల సమస్య ఉందని తేలితే అందరికీ గ్లౌజులు ఇస్తామని షెడ్డు ఓనరు మీ కాలేజీకి చెప్పాడని నువ్వే చెప్పావు. ఇప్పుడు సున్నా అని తేలిస్తే ఏమవుతుంది? మళ్ళీ ఎవరైనా అడిగితే నీ పుస్తకం తెరిచి చూపిస్తారు. మా చేతులు కళ్ళెదుట కనబడుతున్నా మీ చదువుకున్నవాళ్ళ సున్నానే నిజమంటారు.

అందుకని నేనొక పని చేశాను. మిగిలిన ఇరవై ఖాళీ ఫారాలు ఇంట్లోనే ఉన్నాయి. షెడ్డుకు వెళ్ళేవాళ్ళం నూట ఇరవై ఎనిమిది మందిమి. అందరి పేర్లూ చీటీల మీద రాసి, స్టీలు డబ్బాలో వేసి, గ్రూపులో మొదటి లోను ఎవరికో తేల్చేటప్పుడు తీసినట్టే కళ్ళు మూసుకుని ఇరవై తీశాను. సువార్తమ్మ చీటీ రాలేదు. "నన్నడగవేంటి వదినా, నా చేతులు చూస్తివిగా" అని దెబ్బలాడింది. ఆవిణ్ణి అడగాలని నాకూ ఉంది. కానీ నాకు కావలసినవాళ్ళని ఏరుకుంటే అవి మళ్ళీ గంప పైన చేపలే అవుతాయి. అడగలేదు.

ఇరవై ఇళ్ళకూ వెళ్ళాను. తలుపు దగ్గరగా వేయించి, ఒక్కరినే కూర్చోబెట్టి అడిగాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగాల్సిన తీరులో అడగకపోతే అమ్మైనా చెప్పదు. ఎవరి చీటీ వచ్చిందనుకున్నావు? కనకదుర్గది. మీటింగులో అరిచిన మనిషే. నేను ప్రశ్న చదివితే రెండు అరచేతులూ నా ఒళ్ళో పెట్టి, "ఎనిమిది రోజులండీ. మా ఆయనకి కూడా తెలీదు, జొరం అని చెప్పా" అంది. ఆవిడ మీద నాకున్న కోపమంతా అక్కడే చచ్చిపోయింది. నీ మీది కోపం అలాగే ఉంది.

ఇరవై మందిలో సున్నా అన్నవాళ్ళు అయిదుగురే. మిగతావాళ్ళు రెండు, మూడు, అయిదు, ఎనిమిది. ఒకామె పదకొండు, ఇంకొకామె పద్నాలుగు. మొత్తం డెబ్బై ఆరు రోజులు, సగటు మూడు పాయింటు ఎనిమిది. మీడియన్ అంటే అందరినీ వరసగా నిలబెడితే నడిమి మనిషి అని, నాకు చదువు రాదన్నట్టు రాశావుగా, నిలబెట్టి చూశాను. మూడు. ఇరవై ఫారాలూ ఈ కవర్లోనే ఉన్నాయి. హాల్లో ఏం జరిగిందో, తర్వాత ఏం చేశానో ఉన్నదున్నట్టు వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. నీ చుక్కల కాగితం పొయ్యిలో పెట్టాను.

ఇక చివర్న చెబుతానన్నది.

నలభై మూడో ఫారం నాది.

హాల్లో "లేవు" అని మొదట లేచిన చెయ్యి కూడా నాదే. లీడరు ఎత్తితేనే మిగతావాళ్ళు ఎత్తుతారు. కనకదుర్గకు భయపడ్డాను, గేటు దగ్గర ఆపేస్తారని భయపడ్డాను. ఇంటికొచ్చి డెబ్బై తొమ్మిదీ నింపాక నా వంతుది ఒకటి మిగిలింది. దాంట్లో సున్నా వేయబుద్ధి కాలేదు. నా దస్తూరీ గుర్తుపడతావని ఎడమ చేత్తో పందొమ్మిది అని రాసి మధ్యలో దూర్చాను. దానికి నలభై మూడని నంబరు వేసింది నువ్వే. ఆ నెలలో పందొమ్మిది రోజులూ నేను హనుమాన్ జంక్షన్‌లో మీ పిన్ని ఇంట్లో ఉన్నాను. కూతురికి పరీక్షలు, వండిపెట్టాలని షెడ్డులో చెప్పాను. నువ్వు ఫోన్ చేస్తే "షెడ్డులో ఉన్నానమ్మా, చప్పుడు, వినబడట్లా" అని పెట్టేశాను. ఆ చప్పుడు జంక్షన్‌లో లారీలది. అన్నం కలుపుకోలేకపోతే మీ పిన్నే ముద్దలు పెట్టింది. ఇప్పుడు పుళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను, అక్షరాలు అందుకే ఇలా ఉన్నాయి.

నీకు నోటితో చెబితే చదువు మానేసి వస్తానంటావని చెప్పలేదు. నీ ఫారంలో చెబితే, ఎవరో ఈ పందొమ్మిది రోజుల మనిషి అని వెతుక్కుంటూ వస్తావనుకున్నాను. నువ్వు తీసేశావు. ఎవరని కూడా అడగలేదు. నీ ఉత్తరంలో ఆ మాట చదివినప్పుడు నేను ఏడ్చాను, అది కూడా రాతపూర్వకంగానే తీసుకో.

ఆ ఇరవై చీటీల్లో నా పేరు రాలేదు, అందులో నన్ను కలపకు. కానీ తీసేసిన చోట నన్ను మళ్ళీ పెట్టు. శుక్రవారం నా కాగితం మీ సారుకు ఇస్తావో చించేస్తావో నీ ఇష్టం. ఇస్తే ఏడాది పోవచ్చు. పోతే ఇంటికి రా, మిగిలిన నూట ఎనిమిది మందినీ నువ్వే అడుగు. చున్నీ మాత్రం మెడలోనే ఉండాలి. చించేస్తే రాకు.

ఇట్లు,
ప్రశ్న అర్థమయ్యే జవాబు రాసిన
మీ అమ్మ.