బూరి బుగ్గలో గింజ

సింధూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ హ్యామ్‌స్టర్ బూరిని అట్టపెట్టెలో ఉంచి పంజరం కడిగాను. కొత్త రంపపు పొట్టు పరిచి చూసేసరికి, అది పెట్టె కొరికి బయటపడింది.

చివరికి మగ్గం కింద దొరికింది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

నానమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "అయ్యో బిడ్డా, ఎలుకలు నూలు కొరుకుతానయని నిన్ననే ఆడ మందు పెట్టిన" అంది.

బుగ్గలు మెల్లగా నొక్కితే నేను వేసిన పొద్దుతిరుగుడు గింజలు రాలాయి. వాటి మధ్య ఒక గులాబీ రంగు గింజ ఉంది. అలాంటివి ఎన్ని మింగిందో తెలియదు.

పశువుల డాక్టరు సూది వేశాడు. "ఇప్పుడే ఏం చెప్పలేం అక్కా, రెండు రోజులు చూద్దాం" అన్నాడు.

నిన్ను దవాఖానలో చేర్చిన రోజు కూడా నాకు ఈ మాటే చెప్పారు.

అమ్మ