ఇరవై నాలుగు దగ్గర ఆగిన మిషను

స్ప్రింగ్‌ఫీల్డ్, డర్బన్
11 అక్టోబరు 1998

సకల బంధుజనులకు తెలియజేయునది ఏమనగా, దేశమంతా వచ్చే ఏటి ఓట్ల గోలలో ఉన్నది గనుక మా ఇంట్లోనూ టీలో రస్కు ముంచవచ్చునా కూడదా అని ఓటు పెట్టితిమి. నేను ఓడిపోయితిని. నేటి నుంచి రస్కు పొడిగానే తినబడును.

చిరంజీవి తమ్ముడు సిడ్నీకి అన్న దేవన్ ఆశీర్వదించి రాయునది. నార్త్‌డేల్‌లో నువ్వు, మరదలు పెగ్గీ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. తెలుగులో రాస్తున్నది ఎందుకంటే మీ ఇంట్లో నువ్వు తప్ప దీన్ని చదివే నాథుడు లేడు.

గోవింద శనివారం పూజ నాడు, భోజనానికి ఆకులు వేశాక, నీ మిషను వల్లే నా పని పోయిందని అందరి ముందూ నేను నిన్ను అన్న మాటకు నీకు కోపం వచ్చిందని విన్నాను. విస్తరి ముందు నుంచి లేచిపోయావు. రానీ కోపం. నాకూ ఉంది.

ఇరవై ఆరేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో అట్టముక్కలు పెట్టి షర్టులు కత్తిరిస్తున్నాను. ఇప్పుడు చైనా బట్టలు వచ్చి పడుతున్నాయి, ఇకమీదట అట్టలు కంప్యూటర్లోనే గీయాలి, అది వచ్చినవాళ్ళు ఉంటారు, రానివాళ్ళు డిసెంబరులో ఇంటికి అని మేనేజరు చెప్పాడు. పరీక్షకు ఆఫీసు మిషను ఒకటే ఉంది, సొంతది ఉన్నవాళ్ళు తెచ్చుకోమన్నాడు. నువ్వేమో గొప్పగా లాప్‌టాప్ కొని ఇచ్చావు. చవకదైనా ఫరవాలేదు, కావలసినంత మెమొరీ తర్వాత వేసుకోవచ్చు అన్నావు.

ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన ప్రోగ్రాం ముప్ఫై రెండు మెగాబైట్ల మెమొరీ ఉండాలంది. నీ మిషన్లో ఎనిమిది. నేను గ్రే స్ట్రీట్‌కి పోయి ముప్ఫై రెండు మెమొరీ కార్డు తెచ్చి, వెన్నకత్తితో మూత తెరిచి దూర్చాను. ఆన్ చేస్తే ఇరవై నాలుగు దాకా లెక్కపెట్టి ఆగిపోయింది. మూడుసార్లు తీసి పెట్టాను. ఇరవై నాలుగే.

కంప్యూటర్ల కొట్టు మెర్విన్ దగ్గరికి తీసుకెళ్తే నవ్వాడు. ఎనిమిది బోర్డుకే అతికించి ఉందట, తీయడానికి లేదట. ఖాళీ గాడి ఒకటే, అది పదహారుకు మించి గుర్తించదట. ఎంత పెద్ద కార్డు పెట్టినా మిగతాది మా ఫ్యాక్టరీ రెండో మేనేజరులా ఊరికే కూర్చుంటుందట. హద్దు కార్డుది కాదు, బోర్డుది, కొనేముందు డబ్బాలోని పుస్తకం చూడాలి అన్నాడు. నువ్వు చూశావా? డబ్బా మీది బొమ్మ చూసుంటావు.

పరీక్ష రోజు షర్టు వీపు ముక్క సగం గీసేసరికి తెర బిగుసుకుపోయింది. మేనేజరు చేతిగడియారం చూసుకున్నాడు. కెస్సీ లేదూ, కత్తెర పట్టుకోవడం నేనే నేర్పిన పిల్ల, ఆఫీసు మిషను మీద గీసి నెగ్గింది. నా కుర్చీ ఆమెది. నాకు నోటీసు కాగితం.

నీ లాప్‌టాప్ బల్ల కింద పెట్టాను. కుక్క దాని మీద తల పెట్టుకుని నిద్రపోతున్నది. దానికి ఎనిమిదే చాలు.

ఇట్లు
నీ అన్న దేవన్

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. తెర బిగుసుకుపోయిందన్నది నేను కల్పించింది. ఇంట్లో ఇరవై నాలుగుతోనూ ఆ ప్రోగ్రాం నడిచింది. ఈడ్చుకుంటూ నడిచింది, ఒక్క గీతకు ఒక టీ తాగవచ్చు, కాని గీసింది. పరీక్షకు నేను పోనేలేదు. నా చదువు స్టాండర్డ్ సిక్స్‌తోనే ఆగింది. తెర మీది మాటలు సగం అర్థం కావు, మేనేజరు ముందు అడగలేను. జీవితమంతా సరదాకి అబద్ధాలాడాను, ఇది సరదాకి కాదు. నీ తప్పేం లేదు, పెగ్గీకి ముందు ఆ మాట చెప్పు.

పరీక్ష రోజు పొద్దున ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళాను, సంచీలో నీ మిషనుతో. కెస్సీ లోపలినుంచి చెయ్యి ఊపింది, రమ్మని. నేను ఏదో మర్చిపోయినట్టు జేబులు తడుముకుంటూ వెనక్కి తిరిగాను.