టైగర్ చెవులు

నాయనా,

నీ టైగర్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. నువ్వు పోయినప్పటి నుంచీ సాయంత్రమైతే చాలు, గేటుకూ వరండాకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. చూడలేక, పోయిన వారం నేనే సముద్రానికి తీసుకెళ్లాను. సంబరంగా ఈత కొట్టింది గానీ, మర్నాటి నుంచి తల విదిలించడమే పని. ఆ చెవుల టపటపకు నాకూ కుదురు లేకుండా పోయింది.

ఈ రోజు ఆటోలో విడవలూరు తీసుకెళ్లి పశువుల డాక్టరుకు చూపించాను.

"లాబ్రడార్‌కు చెవులు వేలాడతాయి కదమ్మా, నీళ్లు లోపలే నిలిచిపోతాయి. స్నానం చేసినాక తుడవాల" అని చుక్కల మందు ఇచ్చాడు.

ఇంటికొచ్చి చెవి తుడుద్దామని టవల్ తీస్తే మంచం కిందికి దూరింది. ఎంత పిలిచినా రాలేదు.

అమ్మ లోపలికి వెళ్లి, పెట్టెలోంచి నీ నీలం గళ్ల లుంగీ తెచ్చింది. నువ్వు ఆఖరున కట్టుకున్నది. నీ వాసన పోతుందని ఉతక్కుండా దాచుకుంది, నన్ను కూడా తాకనిచ్చేది కాదు.

"మీ నాయన దీని చెంగుతోనే తుడిచేవాడు" అంది.

టైగర్ దాన్ని వాసన చూసి తనే బయటికొచ్చి అమ్మ ఒళ్లో తల పెట్టింది. తుడిచి మందు వేసేదాకా కదల్లేదు. లుంగీ నిండా చీమూ, బొచ్చూ, మందూ. అమ్మ దాన్ని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇంక దీనికి టైగర్ వాసనేలే."

పెట్టెలో మాత్రం పెట్టలేదు. ఉతికి ఆరేసి, తలుపు పక్కన నువ్వు తగిలించే మేకుకే తగిలించింది.

"చెవి తగ్గినాక సముద్రం కాడికి పోయేటప్పుడు దీన్ని మర్చిపోబాక" అంది.