తిరగలి పాట గట్టెక్కించింది

నాంపల్లి, 14-8-68

నాన్నగారికి నమస్కారాలు. నా కోసం తెచ్చిన బి.ఇడి. ఫారం ఇక నింపకండి. నా పరిశోధనాంశం నిన్న ఒప్పుకున్నారు. అబిడ్స్ పోస్టాఫీసులో నిలబడే ఈ కార్డు రాస్తున్నాను.

"రెండు భాషల సాహిత్యం పక్కపక్కన పెట్టి చదివితే ఏమిటమ్మా లాభం?" అని పెద్ద ప్రొఫెసరుగారు అడిగారు. నాయనమ్మ తిరగలి పాటలోనూ, మా ఇంటిగలావిడ జైనబ్బీ పిండి విసురుతూ ఉర్దూలో పాడే పాటలోనూ కోడలు పుట్టింటి కబురు కోసమే ఎదురుచూస్తుందని చెప్పాను. "ఒక్క పాటే విన్నన్నాళ్లూ అది మా ఇంటి దిగులే అనుకున్నానండీ" అన్నాను. ఆయన "మా అమ్మా పాడేది" అంటూ సంతకం పెట్టేశారు. ప్రాణం కుదుటపడింది.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాయనమ్మ చేత మిగతా చరణాలు పాడించి, అమ్మను రాసి పంపమనండి. నాయనమ్మ సిగ్గుపడితే, జైనబ్బీ కూడా మొదట సిగ్గుపడిందని చెప్పండి.

మీ అందరి దీవెనలు కోరే
వసుమతి