అనుపమ రెక్క విరిగిన రోజు

అత్తమ్మకు నమస్కారాలు. ఫోన్లో నా మాట మీకు సరిగా వినపడదని ఈ కార్డు రాస్తున్నాను. అనుపమ, నేను అల్వాల్‌లో మా చిన్నమ్మ ఇంట్లో క్షేమంగానే ఉన్నాం. బాగా అలసిపోయాం, అంతే.

ఆ ఆనిమే పండగంటే జపాన్ కార్టూన్లలోని మనుషుల్లా వేషాలేసుకుని వేలమంది పిల్లలు కలిసే జాతర. సిటీ బస్సు దిగుతుంటే, అనుపమ మూడు నెలలు కష్టపడి చేసుకున్న అట్ట రెక్క విరిగింది. హాలు మెట్ల మీద కూలబడి "ఇంటికి పోదామమ్మా" అని ఏడ్చింది. ఇంటర్ తప్పినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడని పిల్ల పక్కనే నేనూ కూర్చున్నాను. అంతలో మెట్టుగూడ నుంచి వచ్చిన తమన్నా అనే అమ్మాయి, తనూ వేషంలోనే ఉంది, సంచిలోంచి జిగురు తీసింది. "గిట్ల ఏడిస్తే మొహం మీద రంగంతా పోతది. ఆంటీ, జెర రెక్క పట్టుకోరి" అంది. జిగురు ఎప్పుడో ఆరింది, వాళ్ల మాటలు మాత్రం ఆగలేదు. సాయంత్రం మోకాళ్లు పీకుతున్నాయి, పోదామే అంటే "ఇంకో పది నిమిషాలమ్మా" అంది. మళ్లీ ఆ మెట్ల మీదే కూర్చున్నాను.

గురువారం బండికి వస్తాం. బీపీ మాత్రలు మానకండి. గ్యాస్ సిలిండర్ వచ్చిందా? మేడ మీది మిరపకాయలు వానకు తడవకుండా మీ అబ్బాయితో దింపించండి.

దసరాకు తమన్నా మన ఇంటికి వస్తానంది. అనుపమ కోసం ఒకరు మన గడప తొక్కి ఏడాది దాటింది. ఈ ముక్క మీ అబ్బాయికి కూడా చదివి వినిపించండి. పిల్లను దీవించండి.

మీ కోడలు,
రజిత